మెడపట్టీ లోపలి ముడి

అత్తయ్య తన అల్మారా తెరిచి, ముదురు నీలం కోటు మెడపట్టీ లోపలికి వేలు పోనిచ్చి, "ఇదేమిటి?" అని నన్ను అడిగిన దగ్గర మొదలైంది కథ. అంతకు కొద్ది రోజుల ముందు ఆవిడ ఒక కాలికి నల్ల బూటూ, ఇంకో కాలికి నీలం బూటూ వేసుకుని పనికి వెళ్ళడం నేను చూశాను. వెనకాలే బస్టాపు దాకా పరుగెత్తాను గానీ, పదిమంది మధ్య ఆవిడ నిటారుగా నిలబడి ఉన్న తీరు చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేసి వెనక్కి వచ్చాను. ఆ మధ్యాహ్నమే సూదీ దారం పట్టుకుని కూర్చుని, ఆవిడ నీలం బట్టలన్నిటికీ మెడపట్టీ లోపలో, నడుంపట్టీ లోపలో ఒక్కో ముడి వేశాను. చేతికి ముడి తగిలితే నీలం, తగలకపోతే నలుపు. ఎవరూ ఏమీ అనుకోకుండా వేళ్ళకి అదే అలవాటైపోతుందని నా పిచ్చి ఆశ.

మా అమ్మావాళ్ళింట్లో అయితే ఆ ముడి ఎవరికీ కనిపించేది కాదు. ఈ ఇల్లు వేరు. ఇక్కడ వీధి గుమ్మం పక్కన మేకుకి బట్టల బ్రష్షు వేలాడుతూ ఉంటుంది. దాని పక్కన నిలువుటద్దం. పాలు తేవడానికి వెళ్ళినా సరే, అద్దం ముందు ఆగకుండా ఎవరూ గుమ్మం దాటరు. విప్పిన బూట్లలో పాత కాగితం కూరి పెట్టాలి. చొక్కా కాలరు ఇస్త్రీ చేసేటప్పుడు కొసల నుంచి మధ్యకి రావాలి గానీ మధ్య నుంచి కొసలకి పోకూడదు. సాసరు లేకుండా కప్పు హాల్లోకి రాదు. కుర్చీని ఎత్తి జరపాలి, ఈడవకూడదు. బట్టలు కొద్దిగానే ఉంటాయి. నలుపు, నీలం, బూడిద, తెలుపు. అన్నీ పాతవే, ఏదీ పాతగా కనిపించదు. "మా అమ్మ పడుకుని లేచినా బట్ట నలగదు మరదలా, దుప్పటే నలుగుతుంది" అని మా వదిన, అంటే అత్తయ్య పెద్ద కూతురు, వచ్చినప్పుడల్లా ఎగతాళి చేస్తుంది.

నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నా ఒంటి మీద మెరిసే గుండీల పూల గౌను ఉంది. అత్తయ్య ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున నా కుర్చీ మీద బూడిదరంగు స్కర్టూ తెల్లచొక్కా మడతపెట్టి ఉన్నాయి. టేపు పట్టకుండా, దూరం నుంచి నన్ను చూసి కుట్టినవి. భుజం దగ్గర వెంట్రుకంత తేడా లేదు. పల్లెటూరి బడి దాటి ఎరగని నాకు, అద్దంలో నిలబడ్డ మనిషిని మీరు అని పిలవాలనిపించింది. అత్తయ్య కంటికి అంత పేరు. ఆవిడ పనిచేసేది ఆఫీసు దుస్తులు కుట్టే పెద్ద షాపులో. అక్కడ బట్ట తానును విప్పిన దగ్గర్నుంచి కోటు పెట్టెలో పెట్టేదాకా, ఆవిడ సరే అంటేనే సరే.

అలాంటి మనిషి ఇప్పుడు కోటు మంచం మీద తిరగేసి పరిచి, ఆ ముడి మీద వేలు పెట్టి నా జవాబు కోసం చూస్తున్నారు. నా భర్త కంపెనీ పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. దారం ఊడుతుంటే గట్టిగా ఉండాలని వేశానని అబద్ధం చెప్పాను.

"నా కోటు దారం ఊడదు" అన్నారు అత్తయ్య.

గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ పెంచరు. నేను తల వంచుకున్నాను.

"కోటు లోపలి వైపు కూడా బయటి వైపంత శుభ్రంగా ఉండాలని నీకు మొదటి వారమే చెప్పాను. ఎవరూ చూడరు కదా అని లోపల ముడులు పెట్టి, దారాలు వదిలేసి, పైన ఇస్త్రీ చేస్తే అది కుట్టు కాదమ్మాయ్, మోసం. కత్తెర తీసుకురా."

కత్తెర కుట్టుపెట్టెలో ఉంది. కావాలనే మెల్లగా వెతికాను. తిరిగి వచ్చేసరికి మంచం మీద ఒక కోటు కాదు, అల్మారాలోని బట్టలన్నీ ఉన్నాయి. రెండు గుట్టలుగా ఉన్నాయి. ఆవిడ చివరి స్కర్టు నడుంపట్టీని వేళ్ళతో తడిమి, ఒక్క క్షణం ఆగి, దాన్ని కుడివైపు గుట్ట మీద పెట్టారు.

"వీటన్నిటికీ ముడి ఉంది. వాటికి లేదు."

నేను కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాను. కుడివైపువన్నీ నీలం. ఎడమవైపువి నలుపూ బూడిదా తెలుపూ. కిటికీలోంచి సాయంత్రపు ఎండ వాటి మీద పడుతోంది. నాకు ఆ రెండు గుట్టలకీ మధ్య తేడా పట్టపగల్లా కనిపిస్తోంది. అత్తయ్య కుడివైపు గుట్టనే చూస్తున్నారు. ఒక చొక్కా తీసి ఎండలో పెట్టారు, దగ్గరికి తెచ్చుకున్నారు, దూరంగా పట్టుకున్నారు.

"నీలం" అన్నారు చివరికి. చూసి అన్న మాట కాదు, ఆలోచించి అన్న మాట. "నీలం వాటికే వేశావు."

తర్వాత ఆవిడ మంచం అంచున కూర్చున్నారు. దుప్పటి సర్దుకోకుండా ఆవిడ కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఎప్పటి నుంచి తెలుసని అడిగారు. బూట్లు చూసిన రోజు నుంచి అన్నాను.

"ఏ బూట్లు?"

ఆవిడకి తెలుసనుకున్నాను. షాపుకి వెళ్ళాక ఎవరో ఒకరు చెప్పే ఉంటారని, ఆ అవమానం ఆవిడ లోపల దాచుకున్నారని, ఇన్ని రోజులూ అనుకుంటూ వచ్చాను. ఇక దాచి లాభం లేక, ఏ కాలికి ఏది వేసుకున్నారో చెప్పాను. ఆవిడ తన పాదాల వంక చూసుకున్నారు, ఆ బూట్లు ఇంకా అక్కడే ఉన్నట్టు.

"సాయంత్రం దాకా అలాగే తిరిగాను షాపంతా. అద్దాల ముందు కూడా నిలబడ్డాను." కాసేపటికి మళ్ళీ అన్నారు. "ఒక్కరైనా నవ్వి ఉంటే బాగుండేది."

నేను మంచం మీది బట్టలు ఒక్కొక్కటే తిరిగి తగిలించడం మొదలుపెట్టాను. పై గుండీ పెట్టి, భుజాలు సరిచేసి, ఆవిడ నేర్పినట్టే. నా చేతుల చప్పుడు వింటూ అత్తయ్య నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. ముందు రాత్రి దీపాల కింద మాత్రమే తికమకగా ఉండేదట. తర్వాత పగలు కూడా నీలం నల్లబడిపోవడం మొదలైంది. షాపులో తానును కిటికీ దగ్గరికి మోయించుకుని చూసేవారు. అదీ చాలకపోయేసరికి ఒక ఉపాయం పట్టారు. పక్కన ఉన్న కుట్టుపనివాళ్ళని పిలిచి, ఇది ఏ రంగో చెప్పు చూద్దాం అని అడిగేవారు. వాళ్ళు భయపడుతూ చెప్పేవారు. ఊఁ, కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి అని భుజం తట్టి పంపేవారు. మేడమ్ మాకు పరీక్షలు పెడుతున్నారని పాపం వాళ్ళు మధ్యాహ్నం భోజనం దగ్గర చదువుకున్నట్టు రంగులు వల్లించుకునేవారట. అది చెబుతూ అత్తయ్య నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఇద్దరం ఒకేసారి ఆపేశాం.

డాక్టరుకి చూపించుకోవచ్చు కదా అన్నాను.

"మా అమ్మకీ ముందు నీలమే పోయింది. తర్వాత ఒక్కొక్కటే పోయాయి. ఒకరోజు గౌను తిరగేసి తొడుక్కుని వీధిలోకి వెళ్ళింది, కుట్లన్నీ బయటికి పెట్టుకుని. జనం నవ్వారు. ఆమెకి వాళ్ళు కనిపించలేదు. నాకు కనిపించారు."

ఇస్త్రీ, బ్రష్షు, నిలువుటద్దం, బూట్లలో కాగితం. ఇన్నాళ్ళూ ఇవన్నీ గొప్పింటి పద్ధతులని నేను అనుకున్నాను. ఎవరింటి గొప్పా కాదు. వీధిలో నవ్విన వాళ్ళకి ఒక చిన్నపిల్ల ఇస్తూ వచ్చిన జవాబు.

ఇక వదిన సంగతి ఆవిడ చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. అమ్మకి ఇంకా ఆ షాపు ఎందుకు, మా ఇంటికి వచ్చేయమను, పిల్లల్ని చూసుకుంటూ హాయిగా ఉండొచ్చు అని వదిన ప్రతిసారీ నాతో అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ ఆ ఇంట్లో వంటగది పక్క గదీ, సగం అల్మారా అత్తయ్య కోసం సిద్ధంగా ఉన్నాయి. కన్ను సంగతి బయటపడితే మర్నాడే వచ్చి పెట్టె సర్దేస్తుంది. అత్తయ్యకి ఆ షాపు జీతం మాత్రమే కాదు. పొద్దున లేచి గుండీలు పెట్టుకోవడానికి అది ఒక కారణం.

మొత్తానికి అసలు విషయం అప్పుడు బయటపడింది. ఒక పెద్ద ఆఫీసుకి కుట్టి పంపిన కోట్లు షాపుకి తిరిగి వచ్చాయట. ఒంటి భాగం నీలం, చేతులు నలుపు. రెండు తానులూ ఒకటే రంగని సరే అన్నది ఆవిడే. షాపు దీపాల కింద ఒకేలా ఉన్నాయి, ఆఫీసు వాళ్ళు ఎండలో వేసుకుని చూస్తే రెండు రంగులు. చిన్న ఓనరు, అంటే తండ్రి తర్వాత షాపు చేతికొచ్చిన అబ్బాయి, రేపు పొద్దున మీతో మాట్లాడాలి మేడమ్ అన్నాడట.

"నువ్వు నాతో రావాలి" అన్నారు అత్తయ్య.

ఆ మాట అడగడానికి ఆవిడ ఎంత కిందికి దిగి వచ్చారో నాకు అర్థమైంది. వస్తాను గానీ, అటు నుంచి అటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్నాను. వెంటనే ఒప్పుకోలేదు. కోడలివై నాతో బేరాలాడుతున్నావా అన్నారు. మీ దగ్గర్నుంచే కదా నేర్చుకున్నది అన్నాను. ఎప్పుడు నేర్చావు ఈ మాటలు అని ఆవిడ నా వంక చూసి, కత్తెర లోపల పెట్టేయమన్నారు.

"మరి ముడులు?"

"ఉండనీ. కానీ అంత మొరటు ముడేమిటి? గోనెసంచి కుట్టినట్టు. ఇలా ఇవ్వు."

నా ముడి విప్పేసి, సూది చుట్టూ దారం తిప్పి, బొటనవేలితో అదిమి, ఆవగింజ కన్నా చిన్న ముడి వేశారు. చూడకుండానే వేశారు. తక్కినవన్నీ అలాగే మార్చమని కోటు నా చేతికిచ్చారు. నాకు అంత చిన్నగా కుదరలేదు. నాలుగోసారికి, ఫరవాలేదు, పనికొస్తుంది అన్నారు.

మర్నాడు పొద్దున అద్దం ముందు అత్తయ్య నీలం కోటు తొడుక్కుని మెడ వెనక్కి వేలు పోనిచ్చి చూసుకున్నారు. తర్వాత నన్ను నిలబెట్టి, కళ్ళతో కాకుండా అరచేతులతో నా భుజాలు సరిచేశారు. దారిలో మా ఏర్పాటు ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాం. షాపులో నేను ఆవిడ ఎదురుగా, తెల్ల చేతిపట్టీలు కనిపించేలా చేతులు కట్టుకుని నిలబడాలి. బట్ట నీలమైతే కుడిచెయ్యి పైన. నలుపైతే ఎడమచెయ్యి పైన. ఆ ఉపాయం చెప్పింది ఆవిడే, కానీ చెప్పిన దగ్గర్నుంచి నా మొహంలోకి చూడలేదు.

షాపులో నేల అద్దంలా ఉంది. గోడల నిండా తానులు, మధ్యలో పొడవాటి కోత బల్ల. బల్ల అవతల కటింగ్ మాస్టారు నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. అత్తయ్యని చూసి నమస్కారం పెట్టి తల దించుకున్నాడు. ఒక మూల గోడకి ఆనించి కుర్చీ ఉంది. అది కొనడానికి వచ్చేవాళ్ళ కోసం. అత్తయ్య అందులో ఎప్పుడూ కూర్చోరట. కూర్చున్న మనిషికి సగం షాపే కనిపిస్తుందని ఆవిడ లెక్క.

చిన్న ఓనరు చెడ్డవాడిలా లేడు. నిద్ర చాలని మొహం. అత్తయ్యకి మర్యాదగా ఎదురొచ్చాడు. నేనెవరని అడిగితే, మా కోడలు, పని చూస్తానంటే తీసుకొచ్చాను అని చెప్పారు అత్తయ్య. అతను బల్ల మీద మూడు కోట్లు పక్కపక్కన పరిచాడు.

"నన్ను తప్పుగా అనుకోవద్దు మేడమ్. వెనక్కి వచ్చిన కోట్ల గురించి ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటున్నారు. నాకు ఒకటి తేలితే చాలు. ఈ మూడింటిలో నీలం ఏదో చెప్పండి."

అత్తయ్య కిటికీ వైపు వెళ్ళలేదు. మొదటి కోటు మీద చెయ్యి వేసి తల ఎత్తారు. నేను చూశాను. నలుపు. నా ఎడమచెయ్యి పైన ఉంది. రెండో కోటు. అదీ నలుపే. మూడో దాని మీద ఆవిడ చెయ్యి పడింది. ఒకటికి రెండుసార్లు చూశాను. సందేహం లేదు. ఎడమచెయ్యి కదపలేదు. ఆ బల్ల మీద నీలం కోటే లేదు.

అత్తయ్య కళ్ళలో చిన్న మెరుపు చూశాను. ఆవిడకి అర్థమైంది. మూడూ నలుపే అని ఒక్క మాట అంటే చాలు, ఇక ఆవిడ కంటి గురించి ఈ షాపులో ఎవరూ నోరెత్తరు. ఆ మాట కోసం నేను ఎదురుచూశాను.

ఆవిడ ఆ మాట అనలేదు. నేను సరిగ్గా చెబితే తర్వాత ఏమవుతుందని అడిగారు.

"మీ కన్ను బాగున్నట్టే కదా మేడమ్. అప్పుడు తప్పు కత్తెరది. వేరే తానులోంచి చేతులు కోసి, మీకు చూపించకుండా కలిపేసినట్టు. మాస్టారిని ఈరోజుతో పంపించేస్తాను."

ఈ సంగతి మాకు తెలియదు. నిన్న సాయంత్రం మేమిద్దరం మంచం దగ్గర కూర్చుని ఎన్ని ఆలోచించినా, ఇంకో మనిషి మెడకి ఇది చుట్టుకుంటుందని మాకు తట్టలేదు. మాస్టారు బల్ల మీద చేతులు ఆనించి, పరిచిన కోట్ల వంకే చూస్తున్నాడు.

అత్తయ్య దగ్గరగా ఉన్న కోటు తిరగేశారు. లోపలి అస్తరు మీదుగా, కుట్ల వెంట, మెల్లగా వేళ్ళు పోనిచ్చారు. చంక దగ్గర, జేబు అంచు దగ్గర, మెడపట్టీ లోపల. ఎక్కడా ఒక దారం పోగు లేదు.

"లోపల ఎంత చక్కగా ఉందో చూడమ్మాయ్" అన్నారు నాతో.

నేను చేతులు విడదీసి పక్కకి వదిలేశాను. ఇక వాటితో పని లేదని నాకు తెలిసిపోయింది. ఎందుకంటే ఆవిడ తన కోటు కింది గుండీ విప్పుతున్నారు. కూర్చునే ముందు కింది గుండీ విప్పాలి, లేకపోతే కోటు నడుం దగ్గర నలుగుతుంది. అది ఆవిడ నాకు నేర్పిన మొదటి పాఠం.

"ఆ కుర్చీ ఇలా తీసుకురా. బాబుగారితో కూర్చుని మాట్లాడాలి."

కుట్టుమిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. నేను మూలకి వెళ్ళి కుర్చీని రెండు చేతులతో ఎత్తాను, ఈడవకుండా. సగం దూరం వచ్చేసరికి మాస్టారు తల ఎత్తాడు.

"మీరు కూర్చోకండి మేడమ్" అన్నాడు. "రెండు తానులూ కలిపింది నేనేనని నిన్న సాయంత్రమే బాబుగారితో ఒప్పేసుకున్నాను."

ఆ మాట నమ్మకే ఈ కోట్లు పరిచినట్టు, చిన్న ఓనరు కళ్ళు దించుకున్నాడు. తానులు కలిపింది మాస్టారు కాదని మాస్టారికి తెలుసు, నాకు తెలుసు, అత్తయ్యకి అందరికన్నా బాగా తెలుసు. ఆవిడ గుండీ మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. కుర్చీ దించాలో, వెనక్కి తీసుకుపోవాలో తెలియక, దాన్ని అలాగే పట్టుకుని షాపు మధ్యలో నిలబడిపోయాను.